ఎస్సిటలోప్రామ్, క్లోనజిపామ్ కలిపిన మాత్ర: ఏ ఇబ్బంది దేనివల్ల, ఎన్నాళ్లు, మానేటప్పుడు ఏమవుతుంది?

#1 ఫార్మసీ_కౌంటర్ (విజయవాడ)

ఆందోళనకు రాసే మందుల్లో మన వైపు బాగా నడిచేది ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజిపామ్ 0.5 మి.గ్రా. కలిపి ఒకే మాత్రగా వచ్చేది. కొనేవాళ్ల దృష్టిలో అది ఒక మందు. నిజానికి రెండు, పైగా రెండూ ఎదురెదురుగా నడుస్తాయి. ఎస్సిటలోప్రామ్ మొదట్లో ఇబ్బంది పెట్టి తర్వాత సర్దుకుంటుంది. క్లోనజిపామ్ మొదటి రాత్రే హాయిగా నిద్రపుచ్చి, నెలలు గడిచాక మెడకు చుట్టుకుంటుంది. "ఈ మాత్ర నాకు పడలేదు" అనేవాళ్లకు ఆ రెండింట్లో ఏది పడలేదో తెలియదు, ఆ కోపంలో రెండూ ఒకేసారి ఆపేస్తారు.

నాకు తెలిసినంతలో విడదీసి రాస్తున్నాను. తప్పులుంటే డాక్టర్లు దిద్దండి.

ఎస్సిటలోప్రామ్ వైపు నుంచి వచ్చేవి: వికారం, విరేచనాలు పలచబడడం, తలనొప్పి, ఆవలింతలు, చెమట, నిద్ర పట్టకపోవడం లేదా పగలంతా మగతగా ఉండడం, మొదటి వారం పది రోజులు గాబరా తగ్గకపోగా కాస్త పెరగడం. ఈ మందు పనిచేసేది సెరొటోనిన్ అనే రసాయనం మీద, అది పేగుల్లో చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి మొదటి దెబ్బ కడుపు మీదే పడుతుంది. ఇవి చాలామందిలో రెండు వారాల్లో తగ్గిపోతాయి. ఖాళీ కడుపుతో కాక తిన్న తర్వాత వేసుకుంటే వికారం తక్కువ.

క్లోనజిపామ్ వైపు నుంచి వచ్చేవి: మత్తు, తూలడం, మాట తడబడడం, నిన్న ఏం మాట్లాడామో గుర్తు రాకపోవడం, పొద్దున్నే తల బరువుగా ఉండడం.

ఎస్సిటలోప్రామ్ అసలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. దుష్ప్రభావం మొదటి రోజు, గుణం నెలకి! మధ్యలో మానేసేవాళ్లందరూ ఈ ఖాళీలోనే మానేస్తారు.

#2 వార్డు_సిస్టర్

ఒక్క ప్రశ్నకే జవాబిస్తాను, ఎందుకంటే అందరూ అదే అడుగుతారు: పొద్దున వేసుకోవాలా, రాత్రా? ఎస్సిటలోప్రామ్ ఒక్కటే అయితే, నిద్ర చెడుతున్నవాళ్లు పొద్దున టిఫిన్ తర్వాత, మగతగా ఉన్నవాళ్లు రాత్రి భోజనం తర్వాత. పూట మార్చాలన్నా డాక్టరుకి ఒక ఫోను చేస్తే చాలు, మందు మార్చక్కర్లేదు. కలిపిన మాత్ర అయితే రాత్రే. పొద్దున వేసుకుని బండి తీయకూడదు.

ఇంకోటి. మొదటి రోజుల్లో "కూర్చోలేకపోతున్నాను, కాళ్లు ఆగట్లేదు, చర్మంలోంచి బయటికి దూకాలనిపిస్తోంది" అంటే అది మామూలు గాబరా అనుకుని వదిలేయొద్దు. దీన్ని అకథీసియా అంటారు. మందు వల్ల వచ్చే అశాంతి. గాబరా పెరిగింది కదా అని డోసు పెంచితే ఇది ఇంకా పెరుగుతుంది. మనిషి గదిలో ఇటూ అటూ తిరుగుతూనే ఉంటాడు, నిలబడ్డా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తుంటాడు. అదే గుర్తు. ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

#3 డా_మనోవైద్యం

సిస్టర్ చెప్పినది ముఖ్యం. దానికి ఒక చేర్పు: పాతికేళ్ల లోపు వయసువాళ్లలో ఈ మందులు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు చావు ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లలు, టీనేజీవాళ్ల విషయంలో నల్లపెట్టె హెచ్చరిక (లేబుల్ మీద నల్లగీతల పెట్టెలో వేసే అన్నిటికంటే గట్టి హెచ్చరిక) పెట్టించి, 2007లో దాన్ని 24 ఏళ్ల దాకా పొడిగించింది. అందుకే ఇంటర్, ఇంజనీరింగు పిల్లలకు రాసినప్పుడు మొదటి నెలలో వారం, పది రోజులకోసారి చూడాలి. నెలరోజుల మందు రాసి "అయిపోయాక రండి" అనడం ఈ వయసులో సరిపోదు. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన గుర్తులు: ఉన్నట్టుండి చిరాకు, నిద్ర పూర్తిగా పోవడం, సిస్టర్ చెప్పిన అశాంతి, కొత్తగా చావు మాటలు. అలాంటప్పుడు వెంటనే డాక్టరు, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రిపూట కూడా.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఇంకోటి ఉంది. పది రోజుల్లోనే మనిషి మరీ హుషారైపోయి, మూడు గంటల నిద్రతో సరిపెట్టుకుంటూ, గలగలా మాట్లాడుతూ, అప్పు చేసి కొనేస్తుంటే "మందు భలే పనిచేసింది" అనుకోకండి. బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లను ఈ మందు ఉన్మాద దశలోకి తోయవచ్చు. కుటుంబంలో ఎవరికైనా బైపోలార్ ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పాలి.

మొదలుపెట్టే డోసు గురించి. ప్యానిక్ ఉన్నవాళ్లకు నేరుగా 10 మి.గ్రా. ఇస్తే మొదటి వారం నరకం. 5 మి.గ్రా.తో ఒక వారం నడిపి, ఆ తర్వాత 10కి వెళ్లడం పద్ధతి. అదే వర్గంలోని సెర్ట్రలీన్ అయితే 25 నుంచి మొదలు.

#4 ఇంటి_వైద్యుడు (రాజమండ్రి)

కలిపిన మాత్రను ఇక్కడ అందరూ దులిపేసేలా ఉన్నారు కాబట్టి ఒక మాట. ఎస్సిటలోప్రామ్ ఒక్కటే ఇచ్చి "మూడు వారాలు ఓపిక పట్టండి" అంటే నాలుగో రోజు ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. మొదటి వారాల గాబరాకు క్లోనజిపామ్ అడ్డుకట్ట. ఆ ఉద్దేశంతోనే ఇస్తాం. అందులో తప్పేముంది?

#5 డా_మనోవైద్యం

ఉద్దేశంలో తప్పేమీ లేదు సార్. పేచీ అంతా ఒకే మాత్రలో పెట్టడం దగ్గర. క్లోనజిపామ్ అవసరం రెండు నుంచి నాలుగు వారాలు. ఎస్సిటలోప్రామ్ అవసరం కోలుకున్నాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది. రెండూ ఒకే మాత్రలో ఉంటే క్లోనజిపామ్ కూడా ఏడాది నడుస్తుంది. ఎస్సిటలోప్రామ్ డోసు పెంచాలన్నా పక్కన క్లోనజిపామ్ పెరుగుతుంది, క్లోనజిపామ్ తగ్గించాలన్నా ఎస్సిటలోప్రామ్ తగ్గుతుంది. మాత్రను సగం చేస్తే 5, 0.25 అవుతుంది, రెండూ ఒకేసారి సగం. ఏది తగ్గినందుకు ఏ బాధ వచ్చిందో డాక్టరు కూడా చెప్పలేడు.

విడివిడిగా రాసి, క్లోనజిపామ్ పక్కన "ఫలానా తేదీతో ఆపాలి" అని చీటీలోనే రాస్తే మీరన్న అడ్డుకట్టా ఉంటుంది, ఆపే దారీ ఉంటుంది.

#6 ఇంటి_వైద్యుడు (రాజమండ్రి)

ఆపే తేదీ రాయడం బాగుంది, ఒప్పుకుంటున్నాను. విడివిడిగా రాసినా షాపులో "అదే కాంబినేషన్ ఉంది, ఒకటే మాత్ర వేసుకోండి" అని మార్చి ఇస్తారు, అది కూడా ఇక్కడ రాసిపెట్టండి.

నా వంతుగా, జనరల్ ప్రాక్టీసులో అందరూ పోల్చుకోలేకపోయే దుష్ప్రభావం గురించి రాస్తాను: సోడియం పడిపోవడం.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు (ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ ఉన్న వర్గం) కొందరిలో శరీరం నీటిని పట్టి ఉంచేలా చేస్తాయి, దాంతో రక్తంలో సోడియం పలచబడుతుంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఎక్కువగా మొదటి నాలుగు వారాల్లోనే పడుతుంది. ఎవరికి? అరవై ఐదు దాటినవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు, బీపీకి థయజైడ్ (మూత్రం ఎక్కువ పోయించే మందు) వాడేవాళ్లకు. ఈ చివరిది మన దగ్గర ఎవరి దృష్టికీ రాదు, ఎందుకంటే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ అనేవి టెల్మిసార్టాన్‌తో కలిపిన బీపీ మాత్రలోపల దాక్కుని ఉంటాయి. స్ట్రిప్పు మీద మందు పేరు పక్కన "హెచ్" అనో "సీటీ" అనో తోక ఉంటే వెనక్కి తిప్పి కూర్పు చదవండి.

గుర్తులు: నీరసం, వికారం, తలనొప్పి, అడుగు తడబడడం, పడిపోవడం, మాట పొంతన లేకపోవడం, చివరికి ఫిట్స్. పెద్దావిడ తికమకగా మాట్లాడుతుంటే "వయసు మీద పడింది", "మత్తు మాత్ర కదా" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. మందు మొదలుపెట్టే ముందొకసారి, మొదలుపెట్టిన రెండు వారాలకు ఇంకోసారి సీరం సోడియం చూస్తే దొరికిపోతుంది. ఖరీదైన పరీక్ష కాదు, ఎలక్ట్రొలైట్స్ అని రాస్తే ఏ ల్యాబులోనైనా అదే రోజు రిపోర్టు ఇస్తారు. 125 కంటే తక్కువైనా, అంకె ఎంతైనా మనిషి అయోమయంగా ఉన్నా ఇంట్లో ఉంచకూడదు.

ఇక్కడ ఇంట్లో చేసే పెద్ద పొరపాటు: నీరసంగా ఉందని కొబ్బరినీళ్లు, మజ్జిగ, గ్లూకోజు నీళ్లు పట్టించడం. ఈ రకం సోడియం తగ్గుదలలో నీళ్లు ఎక్కువ తాగితే ఇంకా పలచబడుతుంది. చప్పిడి మానేసి ఉప్పు ఎక్కువ వేసినా తీరే బాధ కాదు. మందు ఆపాలా, ఎంత నీళ్లివ్వాలి అనేది ఆస్పత్రిలో తేల్చాలి, ఎందుకంటే పడిన సోడియంను మరీ వేగంగా పైకి తెచ్చినా మెదడుకు దెబ్బే.

#7 క్లినికల్_ఫార్మసిస్ట్ (వరంగల్)

డాక్టర్ గారు బీపీ మాత్ర సంగతి ఎత్తారు కాబట్టి, దీంతోపాటు ఇంట్లో ఉండే మిగతా మందుల సంగతి.

నొప్పి మాత్రలు. ప్లేట్‌లెట్లు సెరొటోనిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు, రక్తంలోంచి లాక్కుంటాయి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ ఆ లాక్కునే దారినే మూసేస్తుంది. అందుకని రక్తం గడ్డకట్టడం కాస్త మందగిస్తుంది. ఒక్కటే అయితే చాలామందికి ఏమీ కాదు. దానికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ తోడైతే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. గుండె జబ్బుకు ఆస్పిరిన్, క్లొపిడోగ్రెల్ వాడేవాళ్లూ అంతే. మోకాళ్ల నొప్పులకు ముందు పారాసిటమాల్‌తో చూడాలి. నల్లగా తారులాంటి విరేచనం అయితే ఆగకుండా ఆస్పత్రికి.

గ్యాస్ మాత్రలు. ఒమెప్రజోల్, ఈసొమెప్రజోల్ కాలేయంలో ఎస్సిటలోప్రామ్‌ను విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి. రక్తంలో దాని మోతాదు సుమారు సగం మేర పెరుగుతుంది, అంటే 10 వేసుకున్నవాడు 15 వేసుకున్నట్టు. పాంటొప్రజోల్‌తో ఈ గొడవ తక్కువ.

ట్రమడాల్. పారాసిటమాల్‌తో కలిపి నడుము నొప్పికి ధారాళంగా ఇస్తారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే రెండు ప్రమాదాలు: ఫిట్స్, సెరొటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరొటోనిన్ మితిమీరడం). దగ్గు సిరప్‌లోని డెక్స్‌ట్రోమెథార్ఫాన్, ఇన్ఫెక్షన్లకిచ్చే లినెజోలిడ్ కూడా ఈ జాబితాలోవే. కొత్త మందు పడిన కొన్ని గంటల్లోనే, ఎక్కువగా 24 గంటల లోపు, చెమటలు, వణుకు, విరేచనాలు, జ్వరం, మోకాలు, మడమ దగ్గర కండరాలు టకటకా కొట్టుకోవడం మొదలవుతాయి. ఈ చివరి గుర్తు మామూలు జ్వరంలో ఉండదు.

తామరకు వాడే ఇట్రకొనజోల్. ఇది చాలామందికి తట్టదు. చర్మం డాక్టరు నెలల తరబడి ఇట్రకొనజోల్ రాస్తాడు, నిద్రకు అల్ప్రజోలం (క్లోనజిపామ్ కుటుంబమే) వేసుకుంటున్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పరు. ఇట్రకొనజోల్ అల్ప్రజోలంను శరీరం నుంచి పోనివ్వదు, మత్తు పేరుకుపోతుంది. ఈ రెండూ కలిపి వాడకూడదని అల్ప్రజోలం లేబుల్‌లోనే ఉంటుంది. ఆ చీటీ చూపించండి, ఈ చీటీ కూడా చూపించండి, అంతే.

గుండె లయ. ఎస్సిటలోప్రామ్‌కు దగ్గరి బంధువైన సిటలోప్రామ్ 40 మి.గ్రా. దాటకూడదు, అరవై దాటినవాళ్లకు 20. ఎస్సిటలోప్రామ్ అరవై ఐదు దాటినవాళ్లకు 10 అని బ్రిటన్ పరిమితి పెట్టింది. ఈసీజీలో క్యూటీ అంతరం (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం) సాగడమే కారణం. దీనికి అజిత్రోమైసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్, డాంపెరిడోన్ తోడైతే ప్రమాదం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో పొటాషియం పడిపోయి ఉన్నప్పుడు ఇంకా.

#8 ఫార్మసీ_కౌంటర్ (విజయవాడ)

గ్యాస్ మాత్రలంటే గుర్తొచ్చింది. చేతులు వణుకుతున్నాయి, నడక బిగుసుకుపోయింది, ముఖంలో కదలిక తగ్గింది అని వస్తే అందరూ గాబరా మాత్రనే అనుమానిస్తారు. చీటీలో రాబెప్రజోల్‌తో కలిపిన లెవోసల్పిరైడ్ క్యాప్సూల్ ఉందేమో చూడండి. అది డోపమిన్‌ను (మెదడులో కదలికలను నడిపే రసాయనాన్ని) అడ్డుకునే మందు. నెలల తరబడి వేసుకుంటే పార్కిన్సన్ లాంటి లక్షణాలు, ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవడం, పాలు రావడం జరుగుతాయి. ఫ్లుపెంటిక్సోల్, మెలిట్రాసిన్ కలిపిన మాత్ర కూడా "గ్యాసు, గాబరా" పేరుతో ఏళ్ల తరబడి నడుస్తుంటుంది. ఫ్లుపెంటిక్సోల్ సైకోసిస్‌కి (లేనివి కనిపించే, వినిపించే తీవ్రమైన మానసిక జబ్బుకి) వాడే మందు, డోసు చిన్నదైనా మందు అదే. పెద్దవాళ్లలో నోరు, నాలుక వాటంతటవే కదలడం మొదలైతే మందు ఆపినా పోకపోవచ్చు.

#9 కొత్త_సభ్యుడు_77

అందరికీ నమస్కారం. మగవాళ్లు అడగడానికి సిగ్గుపడే విషయం. ఎస్సిటలోప్రామ్‌తో లైంగిక సమస్యలు నిజమేనా? తాత్కాలికమేనా?

#10 డా_మనోవైద్యం

నిజమే. ఆడవాళ్లు అంతకంటే ఎక్కువ సిగ్గుపడతారు, వాళ్లకూ వస్తుంది. కోరిక తగ్గడం, స్ఖలనం బాగా ఆలస్యం కావడం, భావప్రాప్తి రాకపోవడం. రోగులు తమంతట తాము చెప్పరు, నేరుగా అడిగితే సగం మంది దాకా ఉందంటారు. మొదటి రెండు వారాల్లో మొదలవుతుంది. వికారంలాగా దానంతట అదే పోవడం తక్కువ, కాబట్టి "అలవాటవుతుంది" అని పంపేయడం సరైన జవాబు కాదు.

ఏం చేయొచ్చంటే: ముందు ఇది మందు మొదలుపెట్టక ముందు నుంచీ ఉందా చూడాలి. షుగరు, బీపీ మందులు, ఆందోళన కూడా ఇదే చేస్తాయి. పనిచేస్తున్నంతలో అతి తక్కువ డోసుకు తేవడం ఒక దారి. మిర్టజపీన్‌కో ఇంకో వర్గానికో మార్చడం ఇంకోటి, కాకపోతే మిర్టజపీన్‌తో ఆకలి, బరువు, నిద్ర పెరుగుతాయి. బుప్రోపియాన్ జోడించడం ఉంది, కానీ అది కొందరిలో గాబరా పెంచుతుంది, ఫిట్స్ చరిత్ర ఉంటే పనికిరాదు. అంగస్తంభన సమస్యకు సిల్డెనాఫిల్ పనిచేస్తుంది, అది కూడా గుండెకు నైట్రేట్లు వాడనివాళ్లకే. ఈ వర్గంలో పరోక్సెటీన్ అందరికంటే చెడ్డది. శని, ఆదివారాలు మందు ఎగ్గొట్టే చిట్కా ఇంటర్నెట్‌లో తిరుగుతుంది, దాంతో లాభం కంటే సోమవారం తలతిరుగుడు ఎక్కువ.

తాత్కాలికమేనా అన్నారు. చాలామందికి మందు ఆపాక తిరిగి వస్తుంది. కొద్దిమందిలో ఆపిన తర్వాత కూడా కొనసాగినట్టు నివేదికలున్నాయి. యూరప్ మందుల సంస్థ 2019లో ఈ సంగతి లేబుల్‌లో చేర్చమంది. లేదని బుకాయించడం, అందరికీ వస్తుందని భయపెట్టడం రెండూ సరికాదు.

#11 వార్డు_సిస్టర్

ఇక క్లోనజిపామ్ వైపు. పెద్దవాళ్లు రాత్రి మాత్ర వేసుకుని, ఒంటి గంటకో రెండింటికో మూత్రానికి లేస్తారు. పడేది అప్పుడే. తుంటి ఎముక విరిగాక మంచం దిగడం ఎంత కష్టమో ఇక్కడ చెప్పక్కర్లేదు. మంచం పక్కన లైటు, బాత్రూములో పట్టుకునే కడ్డీ, లేవగానే నడవకుండా రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోవడం. గురక గట్టిగా పెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకి ముందే చెప్పాలి. మందు పుచ్చుకున్న రోజు మద్యం అస్సలు వద్దు, రెండూ కలిసి శ్వాసను అణిచేస్తాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులతోనూ ఇదే ప్రమాదం. కొందరు పెద్దవాళ్లలో, పిల్లల్లో ఈ మాత్ర మత్తుకు బదులు కోపం, అరుపులు తెప్పిస్తుంది. అలా జరిగితే ఇంకో మాత్ర వేయొద్దు.

#12 క్లినికల్_ఫార్మసిస్ట్ (వరంగల్)

క్లోనజిపామ్, అల్ప్రజోలం, డైజిపామ్, లోరజిపామ్ అన్నీ బెంజోడయజిపీన్ అనే ఒకే కుటుంబం. మన తెలంగాణలో ఈ కుటుంబం దుష్ప్రభావాన్ని ఊళ్లకు ఊళ్లు చూశాయి, మాత్ర రూపంలో కాదు, కల్లు రూపంలో. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. 2015లో నిజామాబాద్, మెదక్ వైపు తనిఖీలు పెరిగి సరఫరా ఆగినప్పుడు జనం చేతులు వణుకుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు వరస కట్టారు. అది కల్లు మానేసిన బాధ కాదు, బెంజోడయజిపీన్ ఉన్నట్టుండి ఆగిన బాధ. నెలల తరబడి వేసుకున్న రాత్రి మాత్రను ఒక్కసారిగా ఆపితే కూడా శరీరంలో జరిగేది అదే. డోసు చిన్నదైతే తీవ్రత తక్కువ, అంతే తేడా.

కారణం: ఈ మందు మెదడులో గాబా అనే శాంతపరిచే రసాయనానికి బలం చేకూరుస్తుంది. రోజూ బయటినుంచి సాయం వస్తుంటే మెదడు తన సొంత ఏర్పాటు తగ్గించుకుంటుంది. సాయం హఠాత్తుగా ఆగితే ఉత్తేజం ఒక్కటే మిగులుతుంది. నిద్ర పోవడం, దడ, చెమట, చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం, ముదిరితే ఫిట్స్. అమెరికా ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో ఈ వర్గం మొత్తానికి అలవాటు, మానేటప్పటి బాధల గురించి నల్లపెట్టె హెచ్చరికను పెంచింది.

మన దేశంలో 2014 మార్చి 1 నుంచి అల్ప్రజోలం, డైజిపామ్, జోల్పిడెమ్ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎంత ఇచ్చామో విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. పాత చీటీ ఫొటో వాట్సాప్‌లో పంపితే మందు పంపే షాపు మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

#13 కొత్త_సభ్యుడు_77

క్లోనజిపామ్ ఆపి నాలుగు రోజులైతే, ఏమీ కాకపోతే ఇక భయం లేనట్టేనా?

#14 డా_మనోవైద్యం

కాదు. అల్ప్రజోలం సగం తగ్గడానికి సుమారు 11 గంటలు, కాబట్టి ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. క్లోనజిపామ్ సగం తగ్గడానికి 30 నుంచి 40 గంటలు పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఒంట్లో ఇంకా మందు ఉంటుంది. "నాకేం కాలేదు" అనుకున్న వారం చివర్లో నిద్ర పోతుంది, దడ వస్తుంది, దాన్ని పాత జబ్బు తిరగబెట్టిందని పొరబడి మళ్లీ మాత్ర పట్టుకుంటారు.

తగ్గించే పద్ధతి వివరంగా రాస్తాను. ఇది డాక్టరుతో కూర్చుని వేసుకోవాల్సిన లెక్క, సొంతంగా కాదు. ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు, గర్భిణులు సొంతంగా డోసును అసలు కదపకూడదు.

మొదటి పని, కలిపిన మాత్రను రెండు విడి మాత్రలుగా మార్చడం. ఎస్సిటలోప్రామ్ 10 కదపకుండా అలాగే ఉంచాలి. క్లోనజిపామ్ 0.25 మి.గ్రా. మాత్రలు దొరుకుతాయి, సగానికి విరిస్తే 0.125. రోజుకు 0.5 నెలల తరబడి వేసుకున్నవాళ్లకు 0.375, తర్వాత 0.25, తర్వాత 0.125, తర్వాత ఆపడం. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు. ఏళ్లుగా వేసుకున్నవాళ్లకు ఇది కూడా వేగమే, మెట్టు మెట్టుకీ 5 నుంచి 10 శాతం తగ్గించమని ఇప్పటి మార్గదర్శకాలు. గమనించండి, 0.5 నుంచి 0.375 అంటే పాతిక శాతం తగ్గుదల, 0.25 నుంచి 0.125 అంటే ఏకంగా సగం. కిందికి వచ్చేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుంది, కాబట్టి ఆఖరి మెట్ల మీద ఎక్కువ వారాలు ఉండాలి. బాధ ఎక్కువైతే ఆ మెట్టు మీదే ఆగాలి. రెండు మూడు వారాలే వేసుకున్నవాళ్లకు ఇంత తతంగం అవసరం పడదు.

అల్ప్రజోలం 0.5, క్లోనజిపామ్ 0.5, లోరజిపామ్ 1, డైజిపామ్ 10 మి.గ్రా. దాదాపు సమానం. "0.5 అంటే ఎంత, చిన్నదే కదా" అనేవాళ్ల కోసం ఈ లెక్క.

ఇది పూర్తయ్యాక, కుదురుకున్నాక, ఎస్సిటలోప్రామ్ వంతు. దీనికి కల్తీ కల్లు, క్లోనజిపామ్ లాంటి వ్యసనం లేదు, కానీ మానితే బాధ ఉంది: తల తిప్పితే కరెంటు కొట్టినట్టు ఝిల్లుమనడం, తూలు, పీడకలలు, ఏడుపు, ఫ్లూ వచ్చినట్టు ఒళ్లునొప్పులు. పరోక్సెటీన్, వెన్లాఫాక్సిన్‌లతో ఎక్కువ, ఫ్లుయోక్సెటీన్ వారాల పాటు ఒంట్లో ఉంటుంది కాబట్టి తక్కువ. ఇక్కడా కింది మెట్లే కష్టం. సిటలోప్రామ్ 20 మి.గ్రా. మెదడులోని సెరొటోనిన్ ద్వారాల్లో సుమారు 80 శాతం మూస్తే, సుమారు 9 మి.గ్రా. కూడా 70 శాతం మూస్తుంది. అంటే సగానికి తగ్గించినా మెదడుకు పెద్దగా తెలియదు, ఆఖరి చిన్న ముక్క తీసేసినప్పుడే తెలుస్తుంది. 10 నుంచి 5, 5 నుంచి 2.5, ఒక్కోదానికి నాలుగు వారాలు, తర్వాత ఇంకా చిన్నది చేయగలిగితే మంచిది. రోజు విడిచి రోజు వేసుకోవడం తగ్గించడం కిందికి రాదు, ఒంట్లో మందు ఎగుడుదిగుడు అవుతుంది. వెన్లాఫాక్సిన్ క్యాప్సూల్ లోపలి గింజలను నలపకూడదు, నెమ్మదిగా విడుదలయ్యే మందు ఒక్కసారిగా దిగుతుంది.

బాధ మందు మానడం వల్లా, జబ్బు తిరిగిరావడం వల్లా? రోజుల్లో మొదలై, కరెంటు ఝల్లు లాంటి కొత్త లక్షణాలుండి, మందు తిరిగి వేస్తే ఒకటి రెండు రోజుల్లో పోతే మానడం వల్ల. వారాలు, నెలల తర్వాత నెమ్మదిగా పాత భయాలే వస్తే జబ్బు.

#15 ఇంటి_వైద్యుడు (రాజమండ్రి)

ప్రొప్రనొలాల్ ఎవరూ ఎత్తలేదు. స్టేజీ భయానికి, ఇంటర్వ్యూకి 10 నుంచి 40 మి.గ్రా. గంట ముందు వేసుకుంటే దడ, చేతుల వణుకు తగ్గుతాయి. భయం తగ్గదు, భయం కనిపించడం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు విషంతో సమానం, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుంటాయి. ఎటిజోలామ్‌తో కలిపిన మాత్ర ఉంది, "నిద్ర మాత్ర" అనుకుని ఉబ్బసం రోగి వేసుకుంటే అందులో ప్రొప్రనొలాల్ ఉందని ఎవరికీ గుర్తుండదు. షుగరుకి ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు లో షుగరు వచ్చినప్పుడు దడ, వణుకు తెలియకుండా పోతాయి. చెమట మాత్రం పడుతుంది, కాబట్టి ఊరికే చెమట పడితే షుగరు చూసుకోవాలి. రోజూ వేసుకునేవాళ్లు దీన్ని కూడా టక్కున ఆపకూడదు.

#16 క్లినికల్_ఫార్మసిస్ట్ (వరంగల్)

గర్భం గురించి రెండే మాటలు, ప్రశ్నలు ప్రైవేటుగా చాలా వస్తున్నాయి. తెలియగానే భయంతో మాత్రలు పారేయొద్దు, ముందు డాక్టరు. పరోక్సెటీన్ మొదటి మూడు నెలల్లో శిశువు గుండె లోపాల అనుమానంతో తప్పిస్తారు. పాలిచ్చే తల్లులకు సెర్ట్రలీన్ వైపు మొగ్గుతారు, పాలలోకి చాలా తక్కువ వెళ్తుంది. కాన్పు దగ్గర్లో క్లోనజిపామ్ ఎక్కువ వాడితే బిడ్డ మెత్తగా, పాలు సరిగా లాగకుండా పుట్టొచ్చు, పిల్లల డాక్టరుకి ముందే తెలియాలి.

ఏ మందుకైనా అనుమానపు దుష్ప్రభావం వస్తే రోగి కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉచిత నంబరు 1800 180 3024. బ్యాచ్ నంబరు కావాలి, స్ట్రిప్పు పారేయకండి.

#17 గల్ఫ్_పయనం

కరీంనగర్ నుంచి దుబాయ్ వెళ్తున్నవాళ్లు ఈ మాత్రలు మూడు నెలలకి సరిపడా పట్టుకెళ్లొచ్చా? చీటీ ఉంటే చాలా?

#18 దుబాయ్_ఫార్మసీ

చీటీ ఒక్కటే చాలదు భాయ్. ఎస్సిటలోప్రామ్ వేరు, క్లోనజిపామ్, అల్ప్రజోలం, ట్రమడాల్ వేరు. ఈ రెండో గుంపు యూఏఈలో నియంత్రిత మందులు, వెళ్లకముందే ఆ దేశ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో అనుమతి తీసుకోవాలి. సౌదీలోనూ ముందస్తు అనుమతి ఉంది. మన ఊళ్లో నరాల నొప్పికి మామూలుగా ఇచ్చే ప్రెగాబలిన్ కూడా ఈ జాబితాలోదే, చాలామంది దొరికిపోయేది దానితోనే. కలిపిన మాత్ర అయితే అందులో క్లోనజిపామ్ ఉంది కాబట్టి మొత్తం నియంత్రిత మందే.

కావలసినవి: పాస్‌పోర్టు పేరుతో సరిపోలే ఇంగ్లీషు చీటీ, అందులో బ్రాండు కాక మందు అసలు పేరు, డోసు, ఎన్ని రోజులకు, డాక్టరు లెటర్‌హెడ్ మీద జబ్బు వివరం, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, కంపెనీ స్ట్రిప్పుల్లోనే మాత్రలు, విడిగా డబ్బాలో పోసుకోవద్దు. పక్కింటివాళ్ల కోసం వేరేవాళ్ల మందు మీ బ్యాగులో పెట్టుకోవద్దు. అనుమతి రాకముందే ప్రయాణం ఉంటే డాక్టరుని ఇప్పుడే కలవండి, క్లోనజిపామ్ తగ్గించడానికి వారాలు కావాలి, విమానం ఎక్కే ముందు రోజు ఆపితే ఫిట్స్ అక్కడికెళ్లాక రావొచ్చు.

#19 గల్ఫ్_పయనం

ప్రయాణానికి ఐదు వారాలుంది. అనుమతికి పెట్టి, ఈ వారమే డాక్టరు దగ్గరికి పంపిస్తా. విడి మాత్రలుగా మార్చమని అడగమంటా.